ఆరోగ్యమైన గొర్రె ముక్కులో బ్యాక్టీరియా

ఏ జబ్బూ లేని పశువు ముక్కులోనూ గొంతులోనూ బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. ఎడారి ఒంటెకైనా, కడప జిల్లా లింగాల బీళ్లలో మేసే గొర్రెకైనా ఇది సహజమే. వాటిలో చాలా జాతులు హాని చేయవు. పైగా చోటునూ ఆహారాన్నీ తామే వాడుకుంటూ కొత్త క్రిములను కుదురుకోనివ్వవు. జీవాలు పెంచేవారు ముఖ్యంగా తెలుసుకోవలసినవి రెండు: మన్‌హైమియా హీమోలిటికా, పాశ్చురెల్లా మల్టోసిడా.

మన్‌హైమియా ఆరోగ్యమైన గొర్రె ముక్కులో, గొంతు గ్రంథుల్లో కొద్ది సంఖ్యలో బతుకుతుంది. శ్వాసనాళంలోని జిగురు, సన్నని నూగు దాన్ని పైకి నెట్టేస్తాయి. తప్పించుకుని ఊపిరితిత్తులకు చేరిన కొద్దిపాటి క్రిములను రక్షక కణాలు మింగేస్తాయి. వేసవిలో మేత దొరక్క చిక్కిన గొర్రె తొలకరి వానకు తడిసినా, లారీలో కిక్కిరిసి సంతకు పోయినా, వైరస్ జబ్బు బారిన పడినా ఈ కాపలా సడలుతుంది. అప్పుడు క్రిమి ముక్కులోనే విపరీతంగా పెరిగి, ఊపిరితో లోపలికి పోతుంది. అది వదిలే విషం తెల్లరక్తకణాలను చంపుతుంది. చచ్చిన కణాల నుంచి కారే రసాయనాలు ఊపిరితిత్తులనే పాడు చేస్తాయి. జ్వరం, దగ్గు, ఎగశ్వాస మొదలవుతాయి. ఇదే గొర్రెల న్యుమోనియా.

రెండోదైన పాశ్చురెల్లాకు లూయీ పాశ్చర్ పేరు పెట్టారు. ఆయన 1880లో కోళ్ల కలరా మీద పరిశోధించింది ఈ క్రిమితోనే. దీనిలో ఒక రకం ఆవులకు, గేదెలకు గొంతువాపు తెస్తుంది. గొంతు కింద వాచి, గురక పెడుతూ, పశువు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. బతికి బయటపడిన పశువుల్లో కొన్ని పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే క్రిమిని గొంతులో మోస్తాయి. మళ్లీ జబ్బు లేవడానికి అవే మూలం.

కాబట్టి ముక్కులో క్రిమి దొరికినంత మాత్రాన అదే జబ్బుకు కారణమని తేల్చకూడదు. చనిపోయిన జీవం ఊపిరితిత్తుల ముక్కను, గొంతువాపు అనుమానముంటే పొడవాటి ఎముకలోని మూలుగను పరీక్షించాలి. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి ప్రొద్దుటూరులో కళాశాల ఉంది. లింగాల ప్రాంతపు కాపరులకు నిపుణుల సలహా మరీ దూరమేమీ కాదు.

గొంతువాపుకు టీకా ఉంది. జబ్బు సోకాక మందుకు వ్యవధి చాలా తక్కువ కనుక, తొలకరికి ముందే టీకా వేయించాలి. ఆ టీకా మన్‌హైమియాను ఆపదు. దాని నుంచి మందను కాపాడాలంటే ఎండాకాలం చివర్లో మేత తగ్గకుండా చూడాలి, వానకు తడవకుండా చాటు కల్పించాలి, కొత్తగా కొన్న జీవాలను కొన్నాళ్లు విడిగా కట్టాలి.