అంతర్జాల ప్రచురణ, కాపీహక్కు
కథ, కవిత వంటి సొంత రచనను అంతర్జాలంలో ఉంచినంత మాత్రాన రచయిత కాపీహక్కును కోల్పోడు. భారత కాపీహక్కు చట్టం (1957) ప్రకారం రచన రూపుదిద్దుకోగానే హక్కు రచయితకు సంక్రమిస్తుంది; నమోదు తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమే గాక మరణానంతరం మరో 60 సంవత్సరాలు అమలులో ఉంటుంది.

అయితే ఇదే చట్టంలోని 3వ సెక్షను ప్రకారం ప్రతులు అచ్చువేయడంతో పాటు, రచనను ఇతర మార్గాల్లో ప్రజలకు అందుబాటులోకి తేవడం కూడా ప్రచురణే. కనుక అంతర్జాలంలో పెట్టిన కథను అముద్రితం అనవచ్చు గానీ అప్రచురితం అనడం కష్టం. తెలుగు పత్రికలు, కథల పోటీల నిర్వాహకులు "ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు" అని హామీపత్రం కోరుతుంటారు. అటువంటి చోట, హక్కు తన వద్దే ఉన్నా రచయితకు అవకాశం చేజారుతుంది. తరువాత ఆ పుటను తొలగించినా హామీ నిజం కాబోదు.

క్రియేటివ్ కామన్స్ వంటి స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేస్తే సంగతి వేరు. ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని వెనక్కు తీసుకోవడం కుదరదు.

అనుమతి లేకుండా ఎవరైనా రచనను అచ్చువేస్తే, 62వ సెక్షను కింద రచయిత తాను నివసించే ప్రాంతపు జిల్లా న్యాయస్థానంలో దావా వేయవచ్చు. ఉదాహరణకు, బోథ్‌లో నివసించే రచయిత హైదరాబాదులోని ప్రచురణకర్తపై ఆదిలాబాదులోనే వ్యాజ్యం నడపవచ్చు. అప్పుడు రచన అంతర్జాలంలో తొలిసారి కనిపించిన తేదీ అతనికి సాక్ష్యంగా ఉపకరిస్తుంది.