క్షమించండి, కానీ తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి

మంథని చుట్టుపక్కల సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన మనవులు అడిగితే, రోడ్డు ప్రమాదం మాట వినబడని వారం అరుదు. పెద్దపల్లి వైపు వెళ్లినా, కాటారం వైపు వెళ్లినా, గోదావరిఖని వైపు వెళ్లినా ఇసుక లారీలు, బొగ్గు టిప్పర్లు, కాళేశ్వరం వెళ్లివచ్చే కార్లు. వాటి మధ్యనే మన పిల్లల బండ్లు. దేశమంతటా ఇదే పరిస్థితి. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి దాదాపు 45 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే.

హెల్మెట్ గురించి, వేగం గురించి ఇదివరకు చాలాసార్లు రాశాం. ఈ వారం, తప్పు ఎదుటి డ్రైవరుది అయినప్పుడు గాయపడిన కుటుంబం ఏమి చేయాలో రాస్తున్నాం. ఎందుకంటే మన విశ్వాస కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నది ప్రమాదం జరిగిన తర్వాతి వారం రోజుల్లోనే.

ఆ వారంలో తరచుగా జరిగేది ఇది. లారీ యజమాని నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వస్తాడు. డ్రైవరు చేతులు జోడిస్తాడు. ఇరవై వేలో ముప్పై వేలో మంచం మీద పెట్టి, "కేసు వద్దు, మాకు ఏ అభ్యంతరం లేదు" అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు. కొన్నిసార్లు ఆ కాగితం మీద ఏమీ రాసి ఉండదు. "మీరు ప్రభువును నమ్ముకున్నవాళ్లు, క్షమించండి" అని పెద్దమనుషులే మనకు వాక్యం చెబుతారు. కుటుంబం సంతకం పెడుతుంది. మూడు నెలల తర్వాత రాడ్ వేసిన కాలు అతకలేదని, మళ్లీ ఆపరేషన్ చేయాలని డాక్టరు అంటాడు. అప్పటికి ఎఫ్‌ఐఆర్ లేదు, సాక్షి లేడు, లారీ నంబరు కూడా ఎవరికీ గుర్తులేదు.

మొదటి గంట

ముందు ప్రాణం, తర్వాతే మిగతావి. 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలిన తర్వాతి మొదటి గంటను చట్టమే "గోల్డెన్ అవర్" అని గుర్తించింది. రోడ్డు పక్కన పడి ఉన్నవాడిని తాకితే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడేవారు ఇంకా ఉన్నారు. ఆ భయం అవసరం లేదు. 2016లో సుప్రీంకోర్టు, ఆ తర్వాత 2019 మోటారు వాహనాల చట్ట సవరణలోని 134ఎ సెక్షన్, సహాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు. యెరికో దారిలో ఇద్దరు చూసి పక్కనుంచి వెళ్లిపోయారు. మనకు ఆ సాకు చట్టం కూడా మిగల్చలేదు.

కేంద్ర ప్రభుత్వం 2025 మేలో అమల్లోకి తెచ్చిన పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఈ పథకం గురించి అడగండి. ఆ తర్వాతి చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని కూడా అడగండి.

అక్కడ ఉన్నవారిలో ఒకరు వాహనం నంబరు ఫోటో తీయాలి. రెండు వాహనాలు ఎలా ఉన్నాయో, రోడ్డు మీద బ్రేకు గీతలు ఎక్కడున్నాయో కూడా తీయాలి. చూసినవారి ఫోన్ నంబర్లు రాసుకోవాలి. గాయపడినవారి ఫోటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు.

ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట

డాక్టరు "ఎలా జరిగింది" అని అడిగి చీటీ మీద ఒక వాక్యం రాసుకుంటాడు. ఆ ఒక్క వాక్యం తర్వాత కోర్టులో ఎంతో పని చేస్తుంది. పోలీసుల గొడవ ఎందుకని "బండి జారి పడ్డాడు" అని చెప్పించే బంధువులు ఉన్నారు. ఏడాది తర్వాత బీమా కంపెనీ న్యాయవాది ఆ చీటీనే చూపించి, లారీ అసలు తగలనేలేదని వాదిస్తాడు. జరిగింది జరిగినట్టు చెప్పండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనండి. మంథని ఆసుపత్రి నుంచి గోదావరిఖనికో కరీంనగర్‌కో పంపిస్తే, మొదటి చీటీ జిరాక్సు దగ్గర ఉంచుకోండి. ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, అంబులెన్సు రసీదులు, డిశ్చార్జి కాగితం అన్నీ ఒకే సంచిలో పెట్టండి.

పోలీసు స్టేషన్‌లో

ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లో పోలీసులకు తెలపాలి. ఇది చట్టం అతని మీద పెట్టిన బాధ్యత. అతను తెలిపినా తెలపకపోయినా మనం ఫిర్యాదు ఇవ్వాలి. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందే. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. తీసుకోకపోతే జిల్లా పోలీసు అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో పూర్తి వివరాల నివేదికను ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ నివేదికలు వెళ్లాయో లేదో మర్యాదగా అడిగి తెలుసుకోవడం మన హక్కు.

పరిహారం ఎవరు ఇస్తారు, ఎంత ఇస్తారు

ఇక్కడే చాలామందికి అపోహ ఉంది. కేసు వేస్తే పేద డ్రైవరు ఇల్లు అమ్ముకోవాలని అనుకుంటారు. రోడ్డెక్కే ప్రతి వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. బీమా ఉన్న బండి ఢీకొంటే పరిహారం సాధారణంగా బీమా కంపెనీ కడుతుంది. యజమాని ఏటా ప్రీమియం కడుతున్నదే ఇలాంటి రోజు కోసం. బీమా ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడవచ్చు. బీమా లేకపోతే బాధ్యత యజమానిది, డ్రైవరుది.

ఎంత వస్తుందో లెక్క వేసే పద్ధతి ఉంది. ఉదాహరణకు 32 ఏళ్ల తాపీ కూలీ నెలకు 15,000 సంపాదిస్తాడనుకుందాం. కాలు దెబ్బతిని అతని సంపాదనా శక్తి నూటికి 30 వంతులు తగ్గిందని కోర్టు తేల్చిందనుకుందాం. ఏడాది సంపాదన 1,80,000. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధివారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. అందులో 30 శాతం 75,600. అతని వయసుకు సుప్రీంకోర్టు 2009లో ఖాయం చేసిన గుణకం 16. మొత్తం 12,09,600 రూపాయలు. వైద్యం ఖర్చు, పనికి వెళ్లని నెలల కూలి, నొప్పికి ఇచ్చే పరిహారం దీనికి అదనం. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద పెట్టిన ముప్పై వేలను దీని పక్కన పెట్టి చూడండి.

"మాకు జీతం చీటీ లేదు కదా" అంటారు. 2014లో కాలు పోగొట్టుకున్న ఒక కూరగాయల వ్యాపారి కేసులో, ఇలాంటి చిన్న పనులు చేసుకునేవారి దగ్గర కాగితాలు ఆశించరాదని సుప్రీంకోర్టు చెప్పి, నెలకు 6,500 ఆదాయాన్ని ఒప్పుకుంది. డాక్టరు రాసే వైకల్య శాతం, పనికి జరిగిన నష్టం ఒకటి కావని 2010లో అదే కోర్టు వివరించింది. ఎడమ చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు, వడ్రంగి పని దాదాపు పోయినట్టే. కనుక మీరు చేసే పని ఏమిటో, ఇప్పుడు అందులో ఏది చేయలేకపోతున్నారో కోర్టుకు వివరంగా చెప్పించండి.

మన వైపు లోపం ఉంటే? లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో తప్పు మనదైపోదని 2008లో, బండి మీద ముగ్గురు ఉన్నంత మాత్రాన పరిహారం తగ్గించరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లోపం వల్లనే ప్రమాదం జరిగిందని, లేదా దెబ్బ పెరిగిందని తేలితే తగ్గిస్తారు. ముగ్గురు ఎక్కడం, లైసెన్సు లేకుండా నడపడం తప్పే. ఆ తప్పును చూపించి ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే మాత్రం లొంగకండి.

గడువు

పరిహారం దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. గాయం మానాక చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది. దాటినా ఆశ వదలక న్యాయవాదిని కలవండి. ప్రమాదం హైదరాబాద్‌లో జరిగినా మీరు నివసించే జిల్లాలోని ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయవచ్చు. ఆసుపత్రి వరండాలోనే వకాలతు మీద సంతకం అడిగే మధ్యవర్తులకు దూరంగా ఉండండి.

లోక్ అదాలత్‌లో రాజీ పడటం మంచి మార్గమే, త్వరగా తెగుతుంది. అయితే అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు. కనుక పైన చెప్పిన లెక్క చేతిలో పెట్టుకుని కూర్చోండి.

గుద్దిన బండి ఆగకుండా పోయి, ఎంత వెతికినా దొరకకపోతే, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 ఇచ్చే పథకం వేరుగా ఉంది. దాని దరఖాస్తు గురించి ఆర్‌డీఓ కార్యాలయంలో అడగండి.

మరి క్షమాపణ?

విశ్వాసి కోర్టుకు వెళ్లవచ్చా అని మమ్మల్ని అడుగుతుంటారు. నిర్గమకాండము 21వ అధ్యాయం 18, 19 వచనాలు తీసి చదవండి. ఒకడు కొట్టగా మరొకడు మంచాన పడి, తర్వాత కర్ర పట్టుకుని లేచి తిరిగితే, కొట్టినవాడికి శిక్ష లేదు. కానీ పని పోయిన దినాలకు సొమ్ము ఇవ్వాలి, పూర్తిగా బాగయ్యేదాకా వైద్యం చేయించాలి. శిక్షను వదిలిన అదే వచనం నష్టపరిహారాన్ని వదలలేదు. నేటి ట్రిబ్యునల్ లెక్కకట్టేది కూడా అవే రెండు: పోయిన కూలి, వైద్యం.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో పౌలు బాధ, సహోదరులు ఒకరినొకరు న్యాయస్థానానికి లాగడం గురించి. డ్రైవరు మన సంఘస్థుడే అయితే ముందు అతనితో కూర్చుని మాట్లాడండి, పగ పెంచుకోవద్దు. అతని వాహనానికి బీమా ఉంటే పరిహారం కోరడం అతని మీద పగ కాదు. ఆ పౌలే ఫిలిప్పీలో, యెరూషలేములో తన రోమా పౌరసత్వపు హక్కును అడిగి నిలబడ్డాడు.

డ్రైవరును క్షమించండి. వీలైతే ఆ మాట అతనికే చెప్పండి. అతని పిల్లల కోసం ప్రార్థించండి. అయితే మీరు క్షమించారని మీ పిల్లల బడి ఫీజు, మీ భార్య పడే కష్టం రద్దయిపోవు. ఇంటి యజమాని మంచాన పడితే ఆ భారం మోసేది వాళ్లే. వాళ్ల హక్కును వదులుకునే అధికారం పెద్దమనుషులకు లేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అబద్ధం వద్దు. గుద్దని బండిని గుద్దినట్టు చూపించడం, నడిపినవాడి పేరు మార్చడం, మానిన గాయాన్ని మానలేదనడం, ఇవన్నీ అబద్ధ సాక్ష్యమే. సలహా ఇచ్చినవాడు ఎవరైనా సంతకం మనది.

సంఘం చేయగలిగింది

పరామర్శకు వెళ్లినప్పుడు "దేవుడు ఎందుకో బుద్ధి చెప్పాడు" అనకండి. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరులకంటే పాపులా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పాడు. మాటలకంటే పని చేయండి. కాగితాల సంచి బాధ్యత చదువుకున్న ఒక యవ్వనస్థునికి అప్పగించండి. రాజీ మాట వచ్చినప్పుడు ఆ కుటుంబం పక్కన ఇద్దరు సంఘ పెద్దలు కూర్చుని, చదవకుండా ఏ సంతకం పెట్టనివ్వకండి. ఆసుపత్రిలో తోడుండే వంతులు స్త్రీల సమాజం వేసుకోవచ్చు. క్యాలెండరులో ఆరో నెల గుర్తుపెట్టి, ఐదో నెలలోనే దరఖాస్తు పడిందా అని అడగండి.

మొదటి వారం వచ్చిన పళ్లు, రొట్టెలు అందరూ తెస్తారు. సమరయుడు మాత్రం గాయాలు కట్టి వెళ్లిపోలేదు. మరునాడు రెండు దేనారాలు పూటకూళ్లవాని చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానని చెప్పాడు. మన మధ్య కర్ర పట్టుకుని నడుస్తున్న సహోదరుడి ఇంటికి మళ్లీ వెళ్లారా? ఈ వారం వెళ్లండి. వెళ్లినప్పుడు ఆ సంచి తెరిచి, ఏ కాగితం తక్కువుందో కూడా చూసి రండి.