వారమంతా జిమ్, శనివారం క్వార్టర్: బొజ్జ ఎందుకు తగ్గదు?

“రాత్రిపూట అన్నం మానేశా. రోజూ గంటసేపు జిమ్ చేస్తున్నా. శనివారం ఒక్కరోజే క్వార్టర్. విస్కీలో కొవ్వు ఉండదు, పంచదార ఉండదు. మరి బొజ్జ ఎందుకు కదలట్లేదు?”

కొవ్వు లేదన్న మాట నిజమే. కానీ గ్రాము పిండిపదార్థానికి 4, కొవ్వుకు 9 కేలరీలైతే, ఆల్కహాల్‌కు 7. అరవై మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే మూడు పెగ్గుల క్వార్టర్‌కు 420 కేలరీల పైమాటే. కూల్‌డ్రింక్ కలిపితే ఆ లెక్క వేరే.

అలాగని తాగిందంతా కొవ్వవుతుందా? కాదు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఆల్కహాల్‌ను దాచుకోవడానికి ఒంట్లో చోటు లేదు. అందుకే కాలేయం మిగతా పనులు పక్కనబెట్టి ముందు దాని సంగతి చూస్తుంది. దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా, ఆపైన ఎసిటేట్‌గా మారుస్తుంది. ఒళ్లు ఆ ఎసిటేట్‌నే ఇంధనంగా వాడుకుంటుంది. వీఐపీ కాన్వాయ్ దాటేదాకా మన బండ్లు ఆపేసినట్టు, అంతసేపూ కొవ్వు కరగడం బాగా మందగిస్తుంది. 1999లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో 24 గ్రాముల ఆల్కహాల్‌కే కొవ్వు ఖర్చు 73 శాతం పడిపోయింది. ఆ ఆల్కహాల్‌లో కొవ్వుగా మారింది మాత్రం 5 శాతం లోపే.

కాలేయం గంటకు వదిలించగలిగేది దాదాపు 7–10 గ్రాములు. క్వార్టర్ పూర్తిగా దిగాలంటే ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. ఈలోపు లోపలికెళ్లిన చికెన్ 65, వేయించిన పల్లీలు, అర్ధరాత్రి బిర్యానీ సంగతేమిటి? వాటి కొవ్వు ఖర్చయ్యే దారి లేక నిల్వకు చేరుతుంది. నన్నడిగితే బొజ్జ పాపంలో పెద్ద వాటా స్టఫ్‌దే. పొద్దున్నే పరిగెత్తి ఆల్కహాల్‌ను చెమటలో దించేస్తామంటారు కొందరు. చెమటలో పోయేది నామమాత్రమే.

మరి కండ సంగతి? 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఎనిమిది మంది యువకులతో వ్యాయామం చేయించి, తర్వాత మద్యం ఇచ్చి చూశారు. ప్రోటీన్ తీసుకున్నా కండ కట్టే ప్రక్రియ 24 శాతం తగ్గింది. అయితే అది కిలో బరువుకు 1.5 గ్రాముల మోతాదు. 70 కిలోల మనిషికి ఐదు పెగ్గులు దాటుతుంది. ఒక్క పెగ్గుకే కండ కరిగిపోతుందని భయపెట్టడం సరికాదు.

తాగితే నిద్ర త్వరగా పట్టినా, రాత్రి రెండో సగంలో చెదురుతుంది. మర్నాటి వ్యాయామంలో ఆ బద్ధకం తెలుస్తుంది.

తాగకపోతే అన్నిటికన్నా మేలు. మానలేనివారు ముందే ప్రోటీన్ ఉన్న భోజనం చేసి, పెగ్గులు తగ్గించి, స్టఫ్‌కు దూరంగా కూర్చోండి. ఇన్సులిన్, కొన్నిరకాల షుగర్ మాత్రలు వాడేవారు ఖాళీ కడుపున తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీ తాగుడు సంగతి డాక్టర్ దగ్గర దాచకండి.