గాయం ఒకరిది... వేదన ఇంటిల్లిపాదిదీ

ఒంటిమీది దెబ్బలు మానిపోయినా మనసు ఆ ఘోరం దగ్గరే ఆగిపోతే అది పీటీఎస్‌డీ కావచ్చు. బాధితుడితోపాటు ఆలుబిడ్డలనూ చుట్టుకునే ఈ జబ్బుకు మంచి చికిత్సలే ఉన్నాయి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేల మంది ప్రాణాలు పోయాయి. కళ్లముందే అయినవాళ్లను పోగొట్టుకుని బతికినవారి మనోవేదనకు వైద్యశాస్త్రంలో ఇప్పుడున్న పేరు కూడా అప్పటికి లేదు. ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ (పీటీఎస్‌డీ)ను అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో చేర్చింది 1980లో. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ అందుకు పెద్ద కారణం.

యుద్ధాలు, ఉప్పెనలే కాదు... రోడ్డు ప్రమాదం, అత్యాచారం, గృహహింస కూడా ఈ జబ్బుకు దారితీయొచ్చు. నూటికి 70 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరాన్ని ఎదుర్కొంటారనీ, వారిలో 5.6 శాతం మంది దీని బారిన పడతారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది పిరికితనం కాదు, జబ్బు.

ఇంటి తీరే మారిపోతుంది

లారీ ఢీకొట్టినా ప్రాణాలతో బయటపడ్డ ఓ తండ్రిని ఊహించుకోండి. నెలలు గడిచినా బండి తాళం ముట్టుకోడు. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడతాడు. నిద్రలో కేకలు పెడతాడు. చిన్నదానికే కసురుకుంటాడు, ఆపైన గంటల తరబడి పలకడు. పిల్లల్ని బడిలో దింపడం, బజారు పనులు భార్య మీద పడతాయి. నాన్న ఇంట్లో ఉంటే టీవీ సౌండు తగ్గించాలని పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. ‘మామీద ప్రేమ పోయిందేమో’ అని ఆమె లోలోపల కుమిలిపోతుంది. ఆప్యాయత, సంతోషం మొద్దుబారడం ఈ జబ్బు లక్షణమని ఆమెకు చెప్పేవాళ్లుండరు.

జాలి ఎక్కువైతే...

‘పాపం, ఇబ్బంది పెట్టొద్దు’ అనుకుంటూ ఇంట్లోవాళ్లు ఆయన్ని రోడ్డుకీ జనానికీ దూరంగా ఉంచుతారు. అప్పటికి ప్రాణం కుదుటపడుతుంది. కానీ తప్పించుకున్న ప్రతిసారీ, రోడ్డెక్కితే చావేనన్న భయం మరింత గట్టిపడుతుంది. చికిత్స దీనికి సరిగ్గా ఎదురుదారిలో సాగుతుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటి పద్ధతుల్లో నిపుణుల అండతో ఆ జ్ఞాపకాన్నీ, ఆ దారినీ కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పుతారు. ఈఎండీఆర్ అనే మరో పద్ధతీ ఉంది. అవసరమైతే మందులిస్తారు. దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చేసే థెరపీలూ ఉన్నాయి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

‘జరిగిందేదో జరిగింది, మర్చిపో’ అనకండి. చెప్పమని బలవంతపెట్టకండి, చెప్పినప్పుడు మధ్యలో ఆపకండి. నాన్న కోపానికి తాము కారణం కాదని పిల్లలకు విడమరిచి చెప్పండి. జబ్బు పేరుతో చేయి చేసుకుంటే మాత్రం భరించనక్కర్లేదు. మీ భద్రతే ముందు. చూసుకునేవారు అలసిపోతే వారికీ కౌన్సెలింగ్ అవసరమే.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవాలి. కేంద్ర ప్రభుత్వ ‘టెలీ మానస్’ హెల్ప్‌లైన్ 14416 రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఫోన్ బాధితుడే చేయాలని లేదు. భార్య చేయొచ్చు, ఎదిగిన కూతురు చేయొచ్చు. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ఎవరో ఒకరు ఈరోజే చేయండి.