శుక్లము తీసిన కంటికి ఏ కటకము?

శుక్లము తీసివేసిన పిదప కంటిలో ఏ కటకము పెట్టించవలెను? పటాన్‌చెరు చెంత ఇంద్రేశం వంటి ఊళ్లలో పెద్దవారున్న ఇంట నేడు తరచుగా పుట్టు ప్రశ్న ఇది. ఒకప్పుడు ఆపరేషను చేయించుటయా, మానుటయా అనునదే సమస్య. ఇప్పుడు వైద్యశాలలో ధరల పట్టిక చేతికిచ్చి, “స్వదేశీయమా, విదేశీయమా? ఒక దూరమునకు పనికివచ్చునదియా, అన్ని దూరములకునా?” అని అడుగుదురు. తల్లి కంటి విషయమున లోభించినారను మాట రాకూడదని బిడ్డలు అప్పు చేసియైనను అధికమూల్యము గలదానినే కోరుదురు. కాని కటకము బంగారము వంటిది కాదు. చెప్పుల జోడు వంటిది. వెల ఎంత అనుటకంటె, ధరించువారికి కుదురునా అనునది ముఖ్యము.

కనుపాప వెనుక శనగగింజంత స్వచ్ఛమైన కటకము మనకు పుట్టుకతోనే యున్నది. వయస్సు మీరినకొలది అది మసకబారును. దానినే శుక్లమనియు, మన తెలంగాణమున మోతిబిందు అనియు అందురు. కంటిపొర అను పేరునుబట్టి కంటిపై ఏదియో పొర కమ్మినదని కొందరు భ్రమపడుదురు. మసకబారినది కంటిలోపలి కటకమే. చుక్కల మందులతో అది కరగదు, శస్త్రచికిత్సయే మార్గము. బాగుగా ముదిరినదాక ఆగవలెనను మాటకు కాలము చెల్లినది. చూపు తగ్గి నిత్యకృత్యములకు అడ్డువచ్చినపుడే చేయించుకొనవచ్చును. మిక్కిలి ముదిరి గట్టిపడినచో వైద్యునికి పని కష్టమగును.

పూర్వము మసకబారిన కటకమును తీసివేసి, దాని స్థానమున ఏమియు పెట్టెడివారు కారు. సీసా అడుగును బోలిన దళసరి కండ్లజోడు ఇచ్చెడివారు. వానితో వస్తువులు ఉన్నవానికంటె పెద్దవిగా తోచెడివి. ప్రక్కచూపు చాలెడిది కాదు. మెట్టు దిగుటయు భయమే. లండనులో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు 1949 నవంబరు 29న ఒక రోగి కంటిలో తొలిసారి కృత్రిమ కటకమును అమర్చెను. యుద్ధకాలమున విమానచోదకుల కండ్లలో గుచ్చుకొనిన ప్లాస్టిక్ ముక్కలను కన్ను సహించి యూరకుండుట అతనికి ఈ యూహ నిచ్చినది. చిరకాలము ఈ కటకములు విదేశములనుండియే వచ్చుటచేత సామాన్యులకు అందలేదు. మదురైలో 1992లో స్థాపింపబడిన ఆరోల్యాబ్ వీనిని మన దేశముననే తయారుచేయ మొదలిడినపిమ్మట వెల ఎన్నో రెట్లు తగ్గినది. కనుక స్వదేశీయమన్నంత మాత్రమున హీనమని తలపరాదు.

కటకపు రకము నెన్నుకొనుటకు ముందు దాని శక్తిని నిర్ణయింపవలెను. కనుగ్రుడ్డు నిడివిని, నల్లగుడ్డు వంపును యంత్రముతో కొలిచి వైద్యులు ఈ లెక్క కట్టుదురు. సామాన్యముగా కంటి నిడివి 23, 24 మిల్లీమీటర్లు. అందు ఒక్క మిల్లీమీటరు పొరబడినచో చూపులో సుమారు రెండున్నర, మూడు డయాప్టర్ల తేడా వచ్చును. అనగా ఎంత వెల పెట్టి కొనినను, కొలత తప్పిన కటకముతో మరల కండ్లజోడే గతి. మునుపు లేసరుతో దూరదృష్టి సరిచేయించుకొన్నవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. వారి కంటికి ఈ లెక్క వేరుగా కట్టవలసియుండును.

ఇక రకములు. మొదటిది ఏకదృష్టి కటకము. ఇది ఒక్క దూరమునకే స్పష్టమైన చూపు నిచ్చును. చాలమంది దూరపుచూపునకు పెట్టించుకొని, చదువుటకు చత్వారపు అద్దములు వాడుదురు. దీని చూపు నిర్మలము, చిక్కులు తక్కువ. రెండవది బహుదృష్టి కటకము. ఇది కంటిలోనికి వచ్చు వెలుతురును పంచి, కొంత దూరమునకు, కొంత దగ్గరకు కేటాయించును. అందుచే అద్దముల యవసరము తగ్గును. కాని మసక వెలుతురులో చూపు కొంత పలుచనగును, రాత్రి దీపముల చుట్టును వలయములు కనబడును. ఈ రెంటికి నడుమ, దూరమునకును చేయిచాచు దూరమునకును ఉపకరించు కటకములు కలవు. సన్నని యక్షరములకు అప్పటికిని అద్దము కావలసిరావచ్చును. నల్లగుడ్డు వంపు అన్నివైపుల సమముగా లేక, అద్దములలో సిలిండరు నంబరు అధికముగా నున్నవారికి టోరిక్ కటకము మేలు. అది తన కోణము తప్పి తిరిగినచో గుణము తగ్గును. ముప్పది డిగ్రీలు తిరిగినచో ప్రయోజనమే యుండదు.

ఇప్పుడు మన ప్రాంతపు మనుష్యులను తలచుకొందము. పాశమైలారం కర్మాగారమునకు రాత్రి షిఫ్టుకు మోటారు సైకిలుపై పోవువారు, ముంబయి రహదారిపై లారీ నడుపువారు ఎదురు దీపముల వెలుగులోనే బ్రదుకవలెను. వారికి వలయములు చూపు కటకము ప్రమాదహేతువు. ఏకదృష్టి కటకమే క్షేమము. లేతు మిషనుపై పనిచేయువానికి చేయిచాచు దూరమే ప్రధానము. దర్జీకి సూదిదారము ముఖ్యము. ఆయన కోరినచో ఏకదృష్టి కటకమునే దగ్గరచూపునకు అమర్చి, దూరమునకు అద్దము ఇవ్వవచ్చును. పగటిపూట ఇంట మెలగుచు, అద్దము పెట్టుకొనుట సుతరాము ఇష్టములేని ఆరోగ్యవంతునికి బహుదృష్టి కటకము తృప్తినీయవచ్చును. మధుమేహముచే కంటి వెనుకనున్న రెటీనా చెడినవారికి, నీటికాసులతో నరము దెబ్బతిన్నవారికి సాధారణముగా అది తగదు. చెడిన రెటీనాను ఏ కటకమును బాగుచేయజాలదు.

మడత కటకము, గట్టి కటకము అను భేదము మరియొకటి. మడత కటకమును రెండు మూడు మిల్లీమీటర్ల గాటునుండి లోపలికి పంపవచ్చును. గట్టిదానికి ఆరు మిల్లీమీటర్ల ప్రాంతము గాటు కావలెను. నేర్పరి చేతిలో ఆ పెద్ద గాటును కుట్టు లేకుండనే మూసికొనును. చూపును చక్కగానే వచ్చును. కొన్ని నెలలకో, ఏండ్లకో కటకము వెనుకనున్న సంచి మసకబారినచో శుక్లము మరల వచ్చినదని బెదరనక్కరలేదు. లేసరుతో కొద్ది నిమిషములలో దానిని తొలగింతురు.

ఆపరేషనుకు ముందు వైద్యుని నాలుగు సంగతు లడుగుడు. నా రెటీనా, నరము బాగున్నవా? సిలిండరు ఎంత? ఈ కటకముతో ఏ దూరమునకు అద్దము కావలెను? రాత్రి చూపు ఎట్లుండును? మీరు చేయు పనియేమో, రాత్రివేళ వాహనము నడుపుదురో లేదో మీరును ఆయనకు చెప్పుడు. ఆపరేషను జరిగిన పిమ్మట కన్ను ఎఱ్ఱబడి నొప్పి పెరిగినను, చూపు తగ్గినను మరునాటిదాక ఆగక వైద్యుని చూడుడు.

చేతిలో ధనము లేదని చీకటిలో కూర్చుండుట తగదు. హైదరాబాదులో ప్రభుత్వపు సరోజినీదేవి కంటి ఆసుపత్రి యున్నది. 1987లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ చెల్లింపలేనివారికి ఉచితముగా చికిత్స చేయుచున్నది. సరియైన కొలతతో నేర్పుగా అమర్చిన సామాన్యపు కటకముతో కన్ను బాగుగా చూచును. అంతకు మించినదానికి వెచ్చించు ధనము సాధారణముగా అద్దమును తప్పించుకొనుటకే. ఆ సౌకర్యము మీకెంత యవసరమో మీరే లెక్కించుకొనుడు; అప్పు చేయవలసివచ్చినచో మరియొకమారు లెక్కించుకొనుడు.