ఈశ్వరుడు నిమిత్తమా, ఉపాదానమా?

కార్యానికి నియతంగా ముందుండి, దాని ఉత్పత్తికి అనివార్యమైనది కారణం. కార్యం దేనితో రూపొంది, దేనిని విడిచి నిలువలేదో అది ఉపాదానకారణం. సంకల్పించి, సాధనాలను ప్రయోగించి కార్యాన్ని నిర్మించేది నిమిత్తకారణం. కుండకు మన్ను ఉపాదానం, కుమ్మరి నిమిత్తం. ఈశ్వరునికీ జగత్తుకూ గల సంబంధాన్ని గురించి మన దర్శనాలలో సాగిన వాదం చాలావరకు ఈ విభజన చుట్టూనే తిరిగింది.

నైయాయికుల మతంలో ఈశ్వరుడు కేవల నిమిత్తకారణం. పృథివి, జలం, తేజస్సు, వాయువుల పరమాణువులు నిత్యాలు. ఈశ్వరేచ్ఛ వల్ల అవి రెండేసి కలిసి ద్వ్యణుకాలుగా, ద్వ్యణుకాలు మూడేసి కలిసి త్ర్యణుకాలుగా ఏర్పడి స్థూలసృష్టి సాగుతుంది. కార్యమైన ప్రతిదానికీ కర్త ఉండాలన్న అనుమానాన్ని ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో బలంగా నిలబెట్టాడు. అయితే ఆ కర్త సృష్టించని సామగ్రి ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. మధ్వాచార్యులు కూడా ఉపాదానత్వాన్ని ఒప్పుకోకపోయినా, ఈ లోపానికి తావివ్వలేదు: ప్రకృతి నిత్యమే గాని దాని ఉనికి సైతం హరి అధీనం, ఆయన ఒక్కడే స్వతంత్రుడు, తక్కినదంతా పరతంత్రం.

బ్రహ్మసూత్రాలలోని ప్రకృత్యధికరణాన్ని ఆధారం చేసుకొని శంకర రామానుజులిద్దరూ బ్రహ్మమే నిమిత్తమూ, ఉపాదానమూ అన్నారు. దీనికే అభిన్ననిమిత్తోపాదానమని పేరు. కాని మన్ను కుండగా మారినట్లు బ్రహ్మం జగత్తుగా మారితే దాని నిర్వికారత్వం ఏమవుతుంది? సిద్ధాంతాలు విడిపోయేది ఈ ప్రశ్న దగ్గరే.

ఉపాదానంతో సమానమైన సత్త గల కార్యంగా మారడం పరిణామం. ఉపాదానం కంటే భిన్నమైన సత్త గల కార్యంగా తోచడం వివర్తం. శంకరుల మార్గంలోని అద్వైతులు రెండవదానిని గ్రహించారు. జగత్తు శూన్యమని వారన్నట్లు చెప్పడం తరచు వినిపించే అపార్థం. వారు దానికి వ్యావహారికసత్తను స్పష్టంగా అంగీకరించారు.

రామానుజుల సమాధానం నిర్వచనబలం మీద నిలిచింది. ఏ ద్రవ్యాన్ని ఒక చేతనుడు తన ప్రయోజనం కోసం సర్వాత్మనా నియమించి ధరించగలడో, ఏది అతనికి పూర్తిగా శేషభూతమో, అది అతనికి శరీరం. ఈ అర్థంలో చిదచిత్తులు, అంటే చేతనాచేతనాలు, ఈశ్వరునికి శరీరం. వాటికి ఆయనతో గల విడదీయరాని సంబంధం అపృథక్సిద్ధి. ప్రళయంలో సూక్ష్మచిదచిద్విశిష్టమైన బ్రహ్మం కారణం, సృష్టిలో స్థూలచిదచిద్విశిష్టమైన ఆ బ్రహ్మమే కార్యం. వికారం శరీరానిదే, శరీరిది కాదు. శరీరాన్ని విడదీయలేనప్పుడు దాని వికారం విశిష్టాన్ని ఎలా తాకదన్న ఆక్షేపం తేలికైనది కాదు. అయినా జగత్సత్యత్వాన్నీ ఈశ్వరుని నిర్దోషత్వాన్నీ ఇంత జాగ్రత్తగా ఒకచోట నిలిపిన నిర్మాణం మరొకటి నాకు కనబడదు. ఇదే ప్రశ్నకు, తెలుగు వైదిక కుటుంబానికి చెందిన వల్లభాచార్యులు వికారం లేకుండానే పరిణామం సాధ్యమని, అవికృతపరిణామవాదాన్ని ప్రతిపాదించారు.

ఈ సిద్ధాంతాలకు అసలు పరీక్ష దుఃఖాన్ని గురించిన ప్రశ్నలో ఎదురవుతుంది. జగత్తుకు ఈశ్వరుడు కారణమైతే ప్రాణుల మధ్య వైషమ్యానికీ, వారి బాధలో కనిపించే నిర్దయకూ ఆయనే బాధ్యుడు కావాలి. ఈశ్వరుడు జీవుల కర్మను అపేక్షించి సృష్టిస్తాడని బ్రహ్మసూత్రం 2.1.34 సమాధానమిస్తుంది. సృష్టికి ముందు కర్మ ఎక్కడిదన్న ప్రశ్నకు తరువాతి సూత్రం కర్మప్రవాహం అనాది అని బదులిస్తుంది. శంకర రామానుజులు భాష్యాలలో ఈ సమాధానాన్నే సమర్థించారు. మధ్వులు మాత్రం కర్మకు కూడా వెనుక జీవుల స్వరూపంలోనే అనాదియైన తారతమ్యం ఉందని, ఈశ్వరుడు దానిని పుట్టించడు, వ్యక్తం చేస్తాడని అంటారు.