స్వాతంత్ర్య శబ్దము – వ్యుత్పత్తి, వ్యవహారము

'స్వాతంత్ర్యము' అనగా పరపాలన నుండి విముక్తి యని నేటి లోకవ్యవహారము. 1947 ఆగస్టు 15 తరువాత ఈ యర్థమే తక్కినవానిని మరుగుపరచినది. కాని శబ్దమును విప్పి చూచినచో బంధము లేకుండుట దీని మూలార్థము కాదని తేలును.

విస్తారార్థకమైన 'తన్' ధాతువునుండి 'తంత్ర' శబ్దము పుట్టినది. మగ్గముపై పరచిన పడుగు దీని ప్రాచీనార్థము. శాస్త్రము, ప్రధానము మున్నగునవి తదితరార్థములు. 'స్వ' శబ్దముతో బహువ్రీహి కాగా 'స్వతంత్ర' యైనది. దానిపై భావార్థమున ష్యఞ్ ప్రత్యయము వచ్చి, ఆదివృద్ధియు అంత్యాకారలోపమును జరుగగా 'స్వాతంత్ర్య' సిద్ధించినది. కావున తకార రేఫ యకారములు ఈ వరుసనే యుండవలెను. అచ్చులో తరచుగా కనబడు 'స్వాతంత్య్రము' అను రూపమున యకారము రేఫకు ముందు చొరబడి 'తంత్ర' శబ్దమునే చీల్చుచున్నది.

పాణిని కర్తృసంజ్ఞను (1-4-54) ఈ 'స్వతంత్ర' శబ్దముతోనే విధించెను. ఇచట పతంజలి యొక చక్కని శంకను లేవనెత్తెను: తనదైన తంత్రము గలవాడు స్వతంత్రుడైనచో, పడుగు గల నేతగాడే కర్త కావలసివచ్చును గదా! తంత్రశబ్దమునకు విస్తృతమైన పడుగు, ప్రాధాన్యము అని రెండర్థములు గలవనియు, ఇచట రెండవదే గ్రాహ్యమనియు సమాధానము. అనగా క్రియయందు ప్రధానుడైనవాడే స్వతంత్రుడు.

తరువాతి సూత్రము (1-4-55) మరింత ఆలోచనీయము. దేవదత్తుడు యజ్ఞదత్తునిచే వండించుచున్నాడనునపుడు ప్రేరకుడైన దేవదత్తునకు హేతుసంజ్ఞయు కర్తృసంజ్ఞయు కలుగును. ఐనను వండుక్రియయందు యజ్ఞదత్తుని కర్తృత్వము పోదు. ఒకరు ఆజ్ఞాపించినంత మాత్రమున చేయువాని స్వాతంత్ర్యము నశింపదని వ్యాకరణసిద్ధాంతము. మనుస్మృతి (9-3) స్త్రీకి స్వాతంత్ర్యమును నిరాకరించినది. కాని ఆమె చేసిన క్రియకు ఆమెయే కర్తయని శాబ్దికులు అంగీకరింపక తప్పదు.

తెలుగున ఈ శబ్దము 'తనది' అను అర్థమువైపు మొగ్గినది. కంపెనీకాలపు రెవెన్యూ వ్యవహారమున గ్రామోద్యోగులకు పంటనుండి ముట్టు వంతులను 'స్వతంత్రములు' అనిరి. తెలుగు బైబిలులో 'స్వతంత్రించుకొను' అనగా వారసత్వముగా పొందుట. 'స్వతంత్రించి చేసెను' అనునపుడు చొరవ ప్రధానము.

'స్వేచ్ఛ'ను దీనికి పర్యాయముగా వాడుట నేడు పరిపాటి. స్వేచ్ఛ యనగా తన యిచ్ఛ. అది క్రియకు పూర్వమే మనస్సున నుండును. స్వాతంత్ర్యమో క్రియయందు వ్యక్తమగును. కోరుట మాత్రమున స్వేచ్ఛ చరితార్థమగును. చేయుటయందుగాని స్వాతంత్ర్యము నిలువదు. ఈ భేదమును పాఠ్యబోధనలోను, అనువాదములోను పాటించినచో శబ్దమునకును అర్థమునకును న్యాయము చేకూరును.